చర్చ: దొంగతనం కేసులో పిల్లోడికి మూడేళ్ల ప్రొబేషన్ అవసరమా?

కొర్లగుంట ట్యూషన్ మాస్టర్
నా దగ్గర చదువుకున్న పిల్లోడి సంగతిది. పేరు అడగొద్దు, బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ ప్రకారం చెప్పకూడదు కూడా. పదహారేళ్లప్పుడు తిరుపతి బస్టాండు దగ్గర ఇంకో ఇద్దరితో కలిసి ఫోను కొట్టేశాడు. ఫోను దొరికింది, తప్పు ఒప్పుకున్నాడు. పిల్లల కేసులు చూసే బాలల న్యాయ బోర్డు వాడిని హోముకు పంపకుండా వాళ్లమ్మ పూచీ మీద ప్రొబేషన్ ఇచ్చి, అంటే ఆఫీసరు పర్యవేక్షణలో ఉండాలని చెప్పి, ఇంటికి పంపింది. ఇక్కడిదాకా మంచి పనే. గడువు మాత్రం మూడేళ్లు పెట్టింది.

వాడిప్పుడు ఐటీఐలో ఫిట్టర్ నేర్చుకుంటున్నాడు. నెలకోసారి ప్రొబేషన్ ఆఫీసరు దగ్గరికి పోయి కనబడాలి. ఆ రోజు మధ్యాహ్నం వర్క్‌షాప్ పీరియడ్ పోతుంది. ఎక్కడికిరా అని సారు అందరి ముందర అడిగితే ఒకసారి కడుపునొప్పి అంటాడు, ఒకసారి అవ్వకు బాగలేదంటాడు. మొదట్లో ఆ ఆఫీసరు దగ్గర కూర్చుని ఇంట్లో గొడవలతో సహా అన్నీ చెప్పుకునేవాడు, అది వాడికి నిజంగా పనికొచ్చింది. ఇప్పుడు పోయి సంతకం పెట్టి వచ్చేస్తున్నాడు, అంతే. మిగిలిన కాలం ఎవరికోసం?

నా మాట ఇది: ఆరు నెలలు, మహా అయితే ఏడాది. అంతకు మించి కావాలంటే ఎందుకో బోర్డు రాసి చెప్పాలి.

గాంధీరోడ్డు సెల్ షాపు
మాస్టారూ, పోగొట్టుకున్నోళ్ల గురించి ఒక్క ముక్క కూడా లేదే మీ పోస్టులో. పోయినేడు మా అంగడి షట్టరు వంచి లోపలికి దూరారు. దొరికినోళ్లందరూ మైనర్లే. వాళ్ల వెనకాల పెద్దోడొకడు ఉన్నాడు, "మీరు పోండిరా, మీకేం కాదు" అని పంపింది వాడే. గడువు ఆరు నెలలకు దించితే ఆ పెద్దోడికే ధైర్యం. మూడేళ్లు కన్నేసి ఉంచితే తప్పేముంది? జైలేం కాదు కదా.

చిత్తూరు లాయరు
చట్టంలో ఏముందో ముందు చూద్దాం. 2015 బాలల న్యాయ చట్టం 18వ సెక్షన్‌లో ప్రొబేషన్ గురించి ఉన్న మాట "మూడేళ్లకు మించకుండా". అది పై హద్దు. బోర్డు మూడు నెలలు కూడా ఇవ్వొచ్చు, మందలించి పంపేయొచ్చు, సమాజసేవ చేయమనొచ్చు. కాబట్టి మాస్టారు అడిగే దాంట్లో సగానికి చట్టం మార్చాల్సిన పనే లేదు. ఆర్డరు రాసేటప్పుడు "ఈ పిల్లవాడికి ఎంతకాలం కావాలి" అని ఆలోచిస్తే చాలు.

మిగతా సగానికి చట్టం మారాల్సిందే. పెద్దవాళ్లకు వర్తించే 1958 ప్రొబేషన్ చట్టం 8వ సెక్షన్ చూడండి. మనిషి నడవడిక బాగుంది, ఇక పర్యవేక్షణ అక్కర్లేదని ప్రొబేషన్ ఆఫీసరు దరఖాస్తు పెడితే కోర్టు ఆ బాండును (పూచీ పత్రాన్ని) మధ్యలోనే రద్దు చేయొచ్చు. పిల్లల చట్టం 18వ సెక్షన్‌లో ఆ వెసులుబాటు రాసి లేదు. ముప్పై ఏళ్లవాడికి ఉన్న దారి పదహారేళ్లవాడికి లేకపోవడం నాకు అన్యాయంగా కనిపిస్తుంది.

ఇంకోటి. మూడేళ్ల లోపు శిక్ష పడే చిన్న నేరమైతే, బోర్డు విచారణ నాలుగు నెలల్లో, పొడిగిస్తే మరో రెండు నెలల్లో తేలకపోతే పిల్లల చట్టం 14వ సెక్షన్ కింద కేసే ముగిసిపోతుంది. పిల్లల కాలం విలువైనదని అక్కడ ఒప్పుకున్న చట్టం 18వ సెక్షన్‌కొచ్చేసరికి చిన్న నేరానికీ ఘోరమైన నేరానికీ ప్రొబేషన్‌లో ఒకటే హద్దు పెట్టింది. 2024 జులై నుంచి ఐపీసీ బదులు అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత ప్రకారం, ఐదు వేల రూపాయల లోపు దొంగతనంలో మొదటిసారి దొరికిన పెద్దవాడు ఆ సొత్తు తిరిగిచ్చేస్తే సమాజసేవతో బయటపడతాడు. మాస్టారు చెప్పిన పిల్లోడి కేసులో కూడా ఫోను దొరికింది.

షాపు అన్నా, వెనకున్న పెద్దోడి గురించి మీరన్నది నిజం. దానికి మందు పిల్లల చట్టం 83వ సెక్షన్‌లో ఉంది. పిల్లలను అక్రమ పనులకు వాడుకునే పెద్దవాళ్లకు ఏడేళ్ల దాకా కఠిన జైలు, ఐదు లక్షల జరిమానా. స్టేషన్లో ఆ సెక్షన్ పెట్టమని గట్టిగా అడగండి. పిల్లోడి చేత ఇంకో రెండేళ్లు సంతకాలు పెట్టిస్తే ఆ పెద్దోడికి వచ్చే నష్టమేంది?

పలమనేరు అక్క
నేను మాస్టారు మాటకు ఒప్పుకోను. మా తమ్ముడికి రెండేళ్లు ఇచ్చారు. మొదటి ఆరు నెలలు వాడు ఆఫీసరమ్మ ముందర నోరు తెరిస్తే ఒట్టు. తొమ్మిదో నెలలోనో పదో నెలలోనో గంజాయి సంగతి ఆమెకే చెప్పాడు, మాక్కాదు. ఆమె చికిత్సకు పంపింది, ఓపెన్ స్కూల్లో పది కట్టించింది. ఆరు నెలలకే వదిలేసి ఉంటే మావాడు ఇప్పుడు ఎక్కడుండేవాడో. నాయన లేని ఇంట్లో అడిగే మనిషంటూ ఒకరుండాల. ఏ ఇంటికి ఎంత కావాలో మీరు అంకె పెట్టి ఎట్లా చెప్తారు?

కొర్లగుంట ట్యూషన్ మాస్టర్
అక్కా, నేను అడిగేది వదిలేయమని కాదు. ఆరు నెలలకోసారి ఎవరో ఒకరు ఫైలు తీసి చూడాలంటున్నా. మీ తమ్ముడి ఫైలు చూస్తే "ఇంకా కావాలి" అని ఆఫీసరమ్మే రాసేది, బోర్డు పొడిగించేది. మా పిల్లోడి ఫైలు చూస్తే "చాలు" అని రాసేవాళ్లు. ఆఫీసర్లు ఉన్నదే కొద్దిమంది. బాగుపడిన పిల్లోడి సంతకాల కోసం వాళ్లు కూర్చునే పూట, మీ తమ్ముడిలాంటి వాడి ఇంటికి పోయే పూట కావాలి. చదువు, చికిత్స సాయం మాత్రం ప్రొబేషన్ ముగిసినా ఆగకూడదు. సాయం కావాలంటే నిఘా కింద ఉండాల్సిందే అనడం నాకు నచ్చదు.

పలమనేరు అక్క
ఫైలు చూసేదానికి మళ్లీ పిల్లోడినీ తల్లినీ బోర్డుకు పిలిపిస్తారా? మా వైపు నుంచి, కుప్పం నుంచి పోవాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీలు వేరే.

చిత్తూరు లాయరు
పిలవకూడదు. ఆఫీసరు రిపోర్టు మీదే తేల్చాలి. గడువు పొడిగించాలనుకుంటే మాత్రం పిల్లోడి మాట వినకుండా చేయకూడదు. అదీ వాళ్లున్న ఊరి కోర్టు నుంచి వీడియోలో వినొచ్చు. బెయిలు మీద ఆఫీసరు పర్యవేక్షణలో గడిపిన నెలలను కూడా ఈ గడువులో కలిపి లెక్కించాలి.

గాంధీరోడ్డు సెల్ షాపు
83వ సెక్షన్ సంగతి నాకెవురూ చెప్పలేదు. రేపే పోయి అడుగుతా. రివ్యూ పెట్టేదానికి నాకు అభ్యంతరం లేదు, కానీ ఒక షరతు. గడువు తగ్గించే ముందు మా నష్టంలో ఎంతోకొంత కట్టారా లేదా అని కూడా ఆ రిపోర్టులో రాయాల. మూడేళ్లు ఆ పిల్లోళ్లు సంతకం పెట్టినా నా షట్టరు ఖర్చు నాకు రాదు.

కొర్లగుంట ట్యూషన్ మాస్టర్
కట్టగలిగిన ఇల్లయితే రాయొచ్చన్నా. కట్టలేని ఇంటి పిల్లోడికి ఆ ఒక్క కారణంతో గడువు పెంచకూడదు. దాని బదులు సమాజసేవ చేయించుకోండి. ఈ మాట కూడా చేర్చి జిల్లా బాలల సంరక్షణ విభాగానికి అర్జీ రాస్తున్నా. లాయరు గారూ, సెక్షన్లు ఒకసారి సరిచూసి పెట్టండి.