అప్‌డేట్: పీఎల్‌సీతో 7.5 కిలోవాట్ మోటర్, రిలే కాంటాక్టర్ ఏం పెట్టానంటే

పీఎల్‌సీ (మెషిన్‌ని ప్రోగ్రామ్‌తో నడిపే కంట్రోలర్) 24 వోల్ట్ ట్రాన్సిస్టర్ అవుట్‌పుట్‌తో 230 వోల్ట్ ఏసీ కాయిల్ కాంటాక్టర్‌ని (మోటర్‌కి పవర్ కలిపే, తెంచే పెద్ద స్విచ్) ఎలా నడపాలి, మధ్యలో రిలే తప్పదా అని అడిగాను కదా, ప్యానెల్ ఇప్పుడు రన్నింగ్‌లో ఉంది. మీరు చెప్పినట్టే 24 వోల్ట్ డీసీ ఇంటర్‌పోజింగ్ రిలే (పీఎల్‌సీకి, కాంటాక్టర్‌కి మధ్యలో ఉండే చిన్న రిలే) పెట్టాను, దాని కాయిల్‌కి డయోడ్, కాంటాక్టర్ కాయిల్‌కి ఆర్‌సీ స్నబ్బర్ (కాయిల్ ఆఫ్ అయినప్పుడు వచ్చే వోల్టేజ్ స్పైక్‌ని తగ్గించే రెసిస్టర్-కెపాసిటర్ జత), అది పెట్టాక కాంటాక్టర్ ఆఫ్ అయినప్పుడల్లా అనలాగ్ రీడింగ్ ఎగిరిపడటం ఆగిపోయింది, చాలా థ్యాంక్స్ అండీ.

మోటర్ 415 వోల్ట్ మీద సుమారు 15 ఆంప్స్, ఏసీ-3 (మామూలు మోటర్ లోడ్‌కి ఇచ్చే రేటింగ్) లో 18 ఆంప్స్ కాంటాక్టర్ తీసుకున్నా. కొత్తగా కొనేవాళ్లు దయచేసి ఏసీ-1 ఆంప్స్ చూసి కొనకండి, అది హీటర్ లాంటి లోడ్‌కి, మోటర్‌కి కాదు. ఇంచింగ్ (మోటర్‌ని కొంచెం కొంచెంగా ఆన్-ఆఫ్ చేస్తూ కదపడం) ఎక్కువుంటే ఏసీ-4 చూడాలి.

ఓవర్‌లోడ్ రిలే (మోటర్ ఎక్కువ కరెంట్ లాగితే ట్రిప్ అయ్యేది) 95-96 కాంటాక్ట్‌ని, అంటే ట్రిప్ అయితే తెరుచుకునేదాన్ని, ప్రోగ్రామ్‌కి వదిలేయకుండా కాంటాక్టర్ కాయిల్‌కే సిరీస్‌లో పెట్టాను, ఇంటర్‌పోజింగ్ రిలే కాంటాక్ట్ అతుక్కుపోయినా ట్రిప్ అయితే కాయిల్‌కి సప్లై కట్ అవుతుంది, ట్రిప్ అయితే మూసుకునే 97-98 మాత్రం పీఎల్‌సీ ఇన్‌పుట్‌కి వెళ్తుంది. ఆగ్జిలరీ కాంటాక్ట్ (కాంటాక్టర్ నిజంగా ఆన్ అయిందో లేదో చెప్పే చిన్న కాంటాక్ట్) ఫీడ్‌బ్యాక్ కూడా తీసుకున్నా, కమాండ్ ఇచ్చాక అది రాకపోతే అలారం.

ఫార్వర్డ్ రివర్స్ మోటర్ ఒకటి మిగిలింది, దానికి రెండు కాంటాక్టర్లు ఒకేసారి ఆన్ అవ్వకుండా మెకానికల్ ఇంటర్‌లాక్ ప్లస్ ఒక కాంటాక్టర్ ఎన్‌సీ (మామూలుగా మూసి ఉండే కాంటాక్ట్) ఇంకోదాని కాయిల్ లైన్‌లో వేస్తున్నా.