ఇక్కడి పొమేరియన్ అమెరికా వెళ్తే ఏ జాతి?

గోదారిగట్టు:
కుక్కను హైదరాబాద్ నుంచి డాలస్ తీసుకెళ్ళాలి. తెల్లది, రెండేళ్ళు, 9 కిలోలు. ఇక్కడ అందరూ పొమేరియన్ అంటారు. ఫొటో చూసిన అక్కడివాళ్ళేమో సమోయెడ్ అంటున్నారు. కాగితాల్లో జాతి ఏమని రాయించాలి? అసలు చూసి చెప్పడం కుదురుతుందా?

జాగిలం:
రెండూ కావండీ. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రకారం పొమేరియన్ బరువు 3 నుంచి 7 పౌండ్లు, అంటే 3.2 కిలోలకు మించదు. సమోయెడ్‌లో ఆడదే 16 కిలోల పైన ఉంటుంది. మన ఇళ్ళలో పొమేరియన్ పేరుతో తిరిగేది ఇండియన్ స్పిట్జ్.

బొచ్చు, రంగు చివర్లో చూడండి, మోసం చేసేవి అవే. ముందు ఎత్తు కొలవాలి. గచ్చు మీద గోడ పక్కన నిలబెట్టండి. మెడ వెన్నుతో కలిసేచోట, భుజాల మధ్య చేతికి తగిలే ఎత్తయిన ఎముక మీద అట్ట పుస్తకాన్ని సమంగా ఆనించి గోడ మీద గీత పెట్టండి. బొచ్చు నొక్కిపట్టకపోతే కొలత ఎక్కువ వస్తుంది. తల ఎత్తు లెక్కలోకి రాదు. జాతుల ప్రమాణాలు పెట్టే అంతర్జాతీయ కెన్నెల్ సమాఖ్య ఎఫ్‌సీఐ లెక్కన పొమేరియన్ 18–24 సెంటీమీటర్లే. తర్వాత మూతి: పొమేరియన్‌కి తల పొడవులో మూడో వంతు ఉంటుంది, ఇండియన్ స్పిట్జ్‌ది అంతకన్నా సాగి ఉంటుంది.

నల్లమచ్చ:
కొలత కుదిరినా పేరు కుదరదు, అది దేశాన్ని బట్టి మారుతుంది. ఎఫ్‌సీఐకి పొమేరియన్ వేరే జాతి కాదు, జర్మన్ స్పిట్జ్‌లో అన్నిటికన్నా చిన్న సైజు. జపాన్‌లో పుట్టిన అకిటాను అమెరికన్ కెన్నెల్ క్లబ్ చాలాకాలం ఒకే జాతిగా చూస్తే, ఎఫ్‌సీఐ జపాన్ అకిటా, అమెరికన్ అకిటా అని రెండుగా విడదీసింది. మొహం మీద నల్ల ముసుగు ఉంటే అది జపాన్ అకిటా కాదు. కాకర్ స్పానియల్ అంటే లండన్‌లో ఒక కుక్క, అమెరికాలో ఇంకో కుక్క.

చెవులూ తోకా చూసి తేల్చేవాళ్ళని అస్సలు నమ్మొద్దు. జర్మనీలో రెండూ కత్తిరించడం నిషేధం, అందుకే అక్కడి డాబర్‌మన్‌కి చెవులు వాలి, తోక పొడుగ్గా ఉంటుంది. అమెరికా ఫొటోలకి అలవాటుపడ్డ కంటికి అదేదో వేటకుక్క అనిపిస్తుంది.

కొల్లేరు:
క్రాస్ అయితే కన్ను ఇంకా తప్పుతుంది. మొరగని ఆఫ్రికా జాతి బసెంజీని, కాకర్ స్పానియల్‌ని కలిపి అమెరికా శాస్త్రవేత్తలు స్కాట్, ఫుల్లర్ చేసిన ప్రయోగాల్లో రెండో తరం పిల్లలు చాలావరకు ఏ వైపు పోలికా లేకుండా పుట్టాయి. మన ఆంధ్ర జాతి జోనంగినే తీసుకోండి. పొట్టి బొచ్చు, నుదుటి మీద ముడతలు, చుట్టుకున్న తోక, మొరగకుండా రాగం తీయడం. బయటివాళ్ళు బసెంజీ అనేస్తే వాళ్ళ తప్పేం లేదు.

బ్రిటన్‌లో మాత్రం ఈ చూసి తేల్చడానికే చట్టబలం ఉంది. అక్కడ నిషేధించిన ఎక్స్‌ఎల్ బుల్లీ రకం కుక్క అవునో కాదో ఆకారం, కొలతలే చెబుతాయి, డీఎన్ఏ కాదు. ఎదిగిన మగదానికి ఎత్తు కనీసం 51 సెంటీమీటర్లు, ఆడదానికి 48. తల, మూతి, ఒంటి కట్టు కూడా చూస్తారు.

గోదారిగట్టు:
అయితే ఇండియన్ స్పిట్జ్ అనే రాయించమంటారా?

జాగిలం:
అవును. తల్లిదండ్రులు తెలియకపోతే స్పిట్జ్ మిక్స్ అన్నా ఫర్వాలేదు. ఏది రాసినా టీకా కార్డు, దిగుమతి ఫారం, విమానం బుకింగ్ అన్నిట్లో ఒకటే ఉండాలి. ఒకదాంట్లో పొమేరియన్ అనీ ఇంకోదాంట్లో స్పిట్జ్ అనీ ఉంటే కౌంటర్ దగ్గర ఇరుక్కుంటారు. ఇంకో మాట, అమెరికా లెక్కలో ఇండియా రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశం. ముందు మైక్రోచిప్, ఆ తర్వాతే రేబిస్ టీకా. వరస తిరగబడితే ఆ టీకా చెల్లదు.