జల భద్రతా ప్రణాళిక కోసం శాఖలన్నింటినీ ఒక్క తాటి మీదికి తేవడం ఎలా?

అందరికీ నమస్కారం. కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దుకు దగ్గర్లోని ఒక తాలూకాలో అటల్ భూజల్ యోజన సమన్వయం చూస్తున్నాను. భూగర్భ జలాలను కాపాడుకోవడానికి 2020లో 7 రాష్ట్రాల్లో మొదలైన రూ.6,000 కోట్ల కేంద్ర పథకం ఇది, సగం ప్రపంచ బ్యాంకు రుణం. పంచాయతీకో జల భద్రతా ప్రణాళిక రాయించాలి.

రాయడం వరకు పర్వాలేదు. అమలుకు ఈ పథకం డబ్బొక్కటే చాలదు. డ్రిప్‌కి ఉద్యాన శాఖ, చెరువు పూడికతీతకు ఉపాధి హామీ, ఇలా తలా కొంత కలపాలి. మీటింగ్‌లో అందరూ సరేనంటారు. తీరా ఫైలు కదిలేసరికి విత్తనాలు పడిపోయి ఉంటాయి, ఇక ఆ సీజన్ పోయినట్టే. నాకు ఇదే పెద్ద టెన్షన్.

ఇంకోటి బోర్ల లెక్క. మీటర్లు పెడతారేమోనన్న భయంతో వెయ్యి అడుగులు దాటిన బోరును కూడా ఆరు వందలే అంటున్నారు. రైతులను తప్పుపట్టలేను. కానీ ఆ లెక్కతో వేసిన నీటి బడ్జెట్ (ఊళ్లో ఎంత నీరుంది, ఎంత వాడుతున్నామన్న లెక్క) ఎవరికి పనికొస్తుంది?

అనంతపురం, ప్రకాశం, నల్గొండ లాంటి జిల్లాల్లో ఏపీఎఫ్‌ఏఎంజీఎస్ (ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతులే భూగర్భ జలాలను నిర్వహించుకున్న ప్రాజెక్టు) కింద రైతులే పరిశీలన బోర్లలో నీటిమట్టం కొలిచి, రబీకి ముందు కూర్చుని పంటల నీటి లెక్క వేసుకునేవారు. అందులో పనిచేసినవాళ్లు దయచేసి చెప్పండి: రైతుల నుంచి నిజమైన లెక్క ఎలా రాబట్టారు? నిధులు సీజన్‌కి ముందే అందాలంటే పంచాయతీ తీర్మానం సరిపోతుందా, జిల్లా స్థాయిలోనే పట్టుబట్టాలా? మీరు వాడిన పట్టికలుంటే పంపండి, కన్నడలోకి నేనే మార్చుకుంటాను.