కోసిన మూలల ఫ్యూచరిస్టిక్ ఫాంటు తెలుగుకు ఎట్ల? (సిరొంచ, మూడు లిపుల షాపు బోర్డు)

ప్రశ్న
మహారాష్ట్రల, తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచల గేమింగ్ షాపు బోర్డు. 10×3 అడుగుల ఏసీపీ (అల్యూమినియం పొరల) షీటు, దాని మీద యాక్రిలిక్ ఎల్‌ఈడీ అక్షరాలు. ఇంగ్లిష్‌కు ఆర్బిట్రాన్ అనే ఫాంటు కావాల్నట. మరాఠీ, తెలుగు గూడ అట్లనే పలకలు పలకలుగ రావాలంటున్నరు. పేరుల ‘స్పీడ్’ అనే మాట ఉంది. తెలుగుల మూలలు కోస్తే చదువరాకుంట అయితంది. ఏం చేయాలె అన్నా?

జవాబు 1
ఆర్బిట్రాన్‌లో తెలుగూ లేదు, దేవనాగరీ లేదు. ఆ పోకడ ఇటలీ నుంచి వచ్చిన మైక్రోగ్రామా (1952), యూరోస్టైల్ (1962) ఫాంట్ల నాటిది. మరాఠీకి ‘రాజధాని’ ఫాంటు బోల్డ్ వాడండి. ఇంగ్లిష్ కూడా అందులోనే ఉంది కాబట్టి రెండూ జతపడతాయి. ఆర్బిట్రాన్ పట్టు వదిలితేనే మేలు.

తెలుగుకు ‘అనెక్ తెలుగు’ ఫాంటు తీసుకుని, దాని వెడల్పు సెట్టింగు 125 పెట్టి, దాన్ని మలచండి. అన్ని వంపులూ కోయకండి. తలకట్టు ఎలాగూ కోణమే, దాని కొసలను 45 డిగ్రీలకు కోస్తే సగం పని అయినట్టే. మిగతా చోట్ల బయటి మూలలు కోసి లోపలి వంపు ఉంచండి. ‘స్పీడ్’లో స మీది దీర్ఘం, డ మీది పొల్లు రెండూ ఒకే రకం కోణపు ముక్కలైతే దూరానికి తేడా తెలియదు. దీర్ఘం తోకను వంపుగానే వదలండి. ద-ధ, ప-ఫ తేడా అంతా కింది చిన్న గీతలోనే ఉంటుంది, కోతలో ముందు పోయేది అదే. సున్నను మాత్రం చదరం చేయకండి. ఫాంటు లేని ఫోన్లో కనిపించే ఖాళీ డబ్బాలా ఉంటుంది.

జవాబు 2
కటింగ్ సంగతి చెప్త. పాత కోరెల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌ల యూనికోడ్ తెలుగు వేస్తే వత్తులు విడిపోతయి. ఇంక్‌స్కేప్ అనే ఉచిత డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌ల టైప్ చేసి, ‘ఆబ్జెక్ట్ టు పాత్’ (అక్షరాన్ని గీతగ మార్చుడు) కొట్టి, ‘అన్‌గ్రూప్’ చేసి, ఆ తర్వాత ‘యూనియన్’ (గీతలు కలుపుడు) చేయుండ్రి. యూనియన్ మర్సిపోతే, ఒకదాని మీద ఒకటి ఎక్కిన గీతలన్నిటినీ మిషన్ కోస్తది, అక్షరం ముక్కలైతది. ఇంక్‌స్కేప్ ఇచ్చే ఎస్‌వీజీ ఫైలును కోరెల్‌లకు తెచ్చినంక సైజు మళ్ల కొలువుండ్రి.

రౌటర్ (తిరిగే బిట్‌తోని కోసే మిషన్)ల 3 ఎంఎం బిట్ అయితే లోపలి మూల 1.5 ఎంఎం గుండ్రంగనే వస్తది. పదును కావాలంటే లేజర్‌కు ఇయ్యాలె.

అక్షరం లోపల 15 ఎంఎం ఎల్‌ఈడీ మాడ్యూల్ పట్టాలంటే గీత 25 ఎంఎంకు తగ్గొద్దు. ప వత్తుల అంత జాగ దొరకది. లైటు లేకుంట వదిలేస్తే రాత్రి ‘స్పీడ్’ కాస్త ‘సీడ్’ అయి, విత్తనాల దుకాణం అనుకుంటరు. వత్తుకు 8 ఎంఎం ఎల్‌ఈడీ స్ట్రిప్ వేయుండ్రి.

జవాబు 3
దుకాణాల చట్టానికి చేసిన 2022 సవరణ ప్రకారం మహారాష్ట్రలో బోర్డు మీద దేవనాగరి మరాఠీ ముందుండాలి, వేరే లిపి అక్షరాల కంటే చిన్నగా ఉండొద్దు. 3 అడుగులంటే 915 ఎంఎం. అక్షరాల ఎత్తు ఎంఎంలలో మరాఠీ 180, తెలుగు 150, ఇంగ్లిష్ 110 పెట్టండి. తెలుగు వరుసకు పైన దీర్ఘం, కింద వత్తు కలిపి దాదాపు 280 వదలాలి. 25 ఎంఎం అక్షరం 3 మీటర్ల దూరానికి చదవొస్తుందన్న లెక్కన 150 అంటే 18 మీటర్లు. అసలు సైజులో నల్లటి ప్రింటు తీసి, అంత దూరంలో గోడకు అంటించి చూసిన తర్వాతే యాక్రిలిక్ కోయించండి.