స్నాప్ లెక్కలోంచి ఒక్కసారి చేసిన ఓవర్‌టైమ్‌ను తీయించడం ఎలా?

అమెరికాలో తల్లి, ఇద్దరు చిన్నపిల్లలు ఉన్న ఒక ఇంటికి స్నాప్, అంటే తిండి ఖర్చుకు ప్రభుత్వం ఇచ్చే ఫుడ్ స్టాంపుల దరఖాస్తులో సాయం చేస్తున్నాను. 2025 జూన్‌లో తిరస్కరించారు. వాళ్ల రాష్ట్రంలో స్థూల ఆదాయ (కోతలకు ముందు ఆదాయం) పరిమితి పేదరిక రేఖకు 130 శాతమే. అప్పట్లో ముగ్గురికి అది నెలకు 2,798 డాలర్లు.

ఆమెకు గంటకు 15.50 డాలర్లు, రెండు వారాలకు 80 గంటలు, మొత్తం 1,240. జీతం రెండు వారాలకోసారి కాబట్టి నెల ఆదాయం కోసం 2.15తో హెచ్చిస్తే 2,666, పరిమితి లోపలే. కానీ ఇచ్చిన రెండు పే స్టబ్బుల్లో (జీతం రసీదుల్లో) ఒకదానిలో 6 గంటల ఓవర్‌టైమ్ పడి 1,379.50 అయింది. ఆఫీసువాళ్లు రెండింటి సగటును 2.15తో హెచ్చించి 2,816 అన్నారు. 18 డాలర్ల తేడాకి పిల్లల తిండి సాయం ఆగిపోవడం అన్యాయం.

రాబోయే నెలల్లో కచ్చితంగా వస్తుందనుకున్న ఆదాయాన్నే లెక్కించాలన్నది నిబంధన. అదే చూపిస్తూ యజమాని లేఖ ఇచ్చాం. "ఇకపై ఓవర్‌టైమ్ ఉండదని ఇందులో లేదు" అన్నారు. మరో లేఖకు యజమాని ఒప్పుకోవడం లేదు. ఫోన్‌లో రెండుసార్లు అడిగినా అదే జవాబు. అప్పీలుకున్న 90 రోజుల గడువులో ఇంకా 40 రోజులు మిగిలాయి.

ఓవర్‌టైమ్ మళ్లీ రాదని రుజువు చేయడానికి, యజమాని లేఖ కాకుండా ఏ కాగితం మీకు అప్పీలు విచారణలో చెల్లింది?