ఇంగ్లిష్ మాటలో స్ట్రెస్ (నొక్కు) ఎక్కడ పడుతుందో పట్టుకోవడం ఎలా?

ప్రశ్న: డిక్షనరీలో ఉచ్చారణ దగ్గర చిన్న నిలువు గీత ఉంటుంది. సిలబుల్ అంటే మాటలో ఒక్క ఊపున పలికే ముక్క కదా, ఆ గీత ముందున్న సిలబుల్‌దా, తర్వాతదా? డిక్షనరీ చేతిలో లేనప్పుడు ఎలా?

జవాబు: సాధారణంగా తర్వాతదే. డెవలప్‌లో గీత ‘వె’ ముందు ఉంటుంది, కాబట్టి డి-వె-లప్. మనలో చాలామంది ‘డె’ మీద నొక్కేస్తారు. హోటల్‌లో ‘టెల్’, సర్టిఫికెట్‌లో ‘టి’. కొన్ని అమెరికన్ డిక్షనరీలు మాత్రం గీతను సిలబుల్ అయ్యాక పెడతాయి, మొదటి పేజీల్లో ఓసారి చూసుకోండి. అడుగున ఉండే గీత తేలికపాటి నొక్కుకు గుర్తు, దాన్ని ప్రస్తుతానికి పట్టించుకోకండి.

ఇంకొకరు: డిక్షనరీ లేకపోతే ఒక్కో సిలబుల్‌నే సాగదీసి చూడండి. బాఆనన, బనాఆన, బననాఆ. మధ్యదే అతుకుతుంది.

జవాబు: ఆ కిటుకు సరిగ్గా విన్న మాటలకే పనికొస్తుంది. చెవికి తప్పు ఉచ్చారణే అలవాటైతే తప్పే బాగుందనిపిస్తుంది. ఆడియో విని, పదం వదిలేసి దాని రాగాన్ని మాత్రం నోరు మూసుకుని ‘ఊఁ’ అని తీయండి. ఎక్కడ సాగి, స్వరం మారిందో అక్కడే స్ట్రెస్. గట్టిగా అరిస్తే స్ట్రెస్ అయిపోదు. మిగతా అచ్చులు నలగాలి కూడా. తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలుకుతాం, అసలు చిక్కంతా అక్కడే. ఫోటోగ్రాఫ్‌లో నొక్కు ‘ఫో’ మీద, రెండో సిలబుల్ ‘టో’ దాదాపు ‘ట’ అయిపోతుంది. ఫోటోగ్రఫీకి వచ్చేసరికి నొక్కు ‘టా’ మీదికి జరిగి, ‘ఫో’ కాస్తా ‘ఫ’ అవుతుంది: ఫ-టా-గ్ర-ఫి. ఫోటోగ్రాఫిక్‌లో ‘గ్రా’.

ప్రశ్న: అంటే చివర వచ్చే ముక్కను బట్టి మారుతుందా?

జవాబు: అవును. ‘షన్’, ‘ఇక్’, ‘ఇటీ’ వస్తే సరిగ్గా దాని ముందు సిలబుల్‌. ఎలెక్ట్రిక్‌లో ‘లెక్’, ఎలెక్ట్రిసిటీలో ‘ట్రి’. లెక్కల అరిథ్మెటిక్, పాలిటిక్స్ దీనికి లొంగవు. ఇంజనీర్‌లో చివరిదే, కమిటీలో మాత్రం ‘మి’.

ప్రశ్న: రికార్డ్ నామవాచకమైతే మొదటిది, క్రియ అయితే రెండోది అంటారు. రిపోర్ట్ కూడా అంతేనా?

జవాబు: కాదు. ప్రెజెంట్, పర్మిట్, ఆబ్జెక్ట్ రికార్డ్ దారిలోనే నడుస్తాయి. రిపోర్ట్, కంట్రోల్ నామవాచకమైనా క్రియ అయినా రెండోదే, ఆన్సర్ ఎటైనా మొదటిదే.