బోర్డింగ్ స్కూల్ హత్య కథ: హంతకురాలు పదిహేడేళ్ల ప్రిఫెక్ట్ అయితే తప్పా?

అటకమీది_ట్రంకుపెట్టె:
టీనేజ్ పిల్లల కోసం తెలుగులో ఒక మర్డర్ మిస్టరీ రాస్తున్నా. కాలం 1936 నవంబరు, చోటు ఇంగ్లండ్‌లో ససెక్స్, సముద్రం ఒడ్డున తెల్లటి సున్నపురాతి కొండల మీద ఆడపిల్లల బోర్డింగ్ స్కూలు. హత్య కనిపెట్టేది పద్నాలుగేళ్ల పిల్ల. తండ్రి వాల్తేరులో రైల్వే ఆఫీసరు, తెల్లదొర. ఆ రోజుల్లో ఇక్కడ ఉద్యోగం చేసే దొరలు పిల్లల్ని ఏడెనిమిదేళ్లకే ఓడెక్కించి "హోమ్"కి పంపేసేవాళ్లు కదా, అలా పంపిన పిల్ల. ఆయా దగ్గర నేర్చుకున్న తెలుగు ఇంకా నోట్లో ఉంది, రాయడం రాదు. అందుకే డైరీలో రహస్యాలన్నీ ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు మాటల్లో రాసుకుంటుంది. స్కూల్ మొత్తంలో అది చదవగలిగే మనిషి లేదు.

చనిపోయేది లెక్కల టీచర్. గదిలో గ్యాస్ హీటర్ వెలిగించి పడుకుంది, తెల్లారేసరికి లేదు. అప్పటి గ్యాస్ బొగ్గు నుంచి తీసేది, అందులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, మంట ఆరిపోయి గ్యాస్ వస్తూనే ఉంటే నిద్రలోనే ప్రాణం పోతుంది. కరోనర్ (అనుమానాస్పద చావుల్ని విచారించే అధికారి) విచారణలో ప్రమాదం అని తేల్చేస్తారు. కానీ అదే పైపు మీద ఉన్న ఇంకో గదిలో కూడా ఆ రాత్రి హీటర్ ఆరిపోయిందని మన పిల్లకి తెలుసు. అంటే ఎవరో మెయిన్ తిప్పి ఆపి, మళ్లీ తిప్పారు.

చేసింది ప్రిఫెక్ట్, అంటే చిన్న పిల్లల మీద పెత్తనం అప్పగించిన సీనియర్ విద్యార్థిని, పదిహేడేళ్లు. జులైలో స్కూల్ సర్టిఫికెట్ పరీక్షలో కాపీ కొట్టింది, లెక్కల టీచర్‌కి నవంబరులో రుజువు దొరికింది. రాత ప్రతి చదివిన ఫ్రెండ్ మాత్రం "పిల్లని హంతకురాల్ని చేస్తావా, టీచర్‌గా మార్చెయ్" అని పట్టుబట్టింది. మీరేమంటారు?

కృష్ణలంక_కుర్రోడు:
మీ ఫ్రెండ్ కరెక్ట్. పదమూడేళ్ల పిల్లలు చదివే పుస్తకం అండీ ఇది. వాళ్లు కథలో వాళ్ల వయసు వాళ్లని వెతుక్కుంటారు. హాస్టల్లో పక్క మంచం అక్క హత్య చేసిందంటే ఆ రాత్రి నిద్రపడుతుందా? అయినా ఈ ఇంగ్లీషు బోర్డింగ్ స్కూల్ కథలంటేనే నాకు చిరాకు, అర్ధరాత్రి లేచి కేకులు తినడం, టక్ బాక్సులు (చిరుతిళ్లు దాచుకునే పెట్టెలు), గుర్రాలు, లాక్రాస్ ఆటలు. మనకి హాస్టల్ అంటే ఉప్మాలో పురుగులు. టీచర్‌ని పెట్టెయ్యండి, గొడవ వదిలిపోతుంది.

చలిదేశం_కోడలు:
నేను ఇంగ్లండ్ దక్షిణాన ఒక బోర్డింగ్ స్కూల్లో అసిస్టెంట్ మేట్రన్‌గా (పిల్లల బాగోగులు చూసే పని) మూడేళ్లు చేశాను (పేరు చెప్పను). కేకుల సంగతి పక్కన పెట్టండి, అసలు విషయం ఎవరు ఎక్కడికి వెళ్లగలరనేది. బోర్డింగ్ అంటే రోజంతా లెక్కపెట్టడమే. లేవగానే లెక్క, టిఫిన్ దగ్గర లెక్క, సాయంత్రం ప్రెప్ (కూర్చుని చదువుకునే గంట) దగ్గర లెక్క, లైట్స్ అవుట్ ముందు మళ్లీ లెక్క. చిన్న పిల్ల పది నిమిషాలు కనపడకపోతే హౌస్ అంతా తెలిసిపోతుంది. మామూలు టీచర్ రాత్రి పూట పిల్లల వైపు మెట్లెక్కితే ఎందుకొచ్చారని ఎవరో ఒకరు అడుగుతారు. ఎవరూ అడగని వాళ్లు ఇద్దరే. ఒకరు మేట్రన్, రెండోది ప్రిఫెక్ట్, ఎందుకంటే చిన్నపిల్లలు మంచాల మీద ఉన్నారో లేదో చూసే పనే ఆ పిల్లది. నేను చేసేటప్పటికి తలుపులకి కోడ్‌లు, కారిడార్‌లో కెమెరాలు వచ్చేశాయి, ఇప్పటి కాలంలో పెడితే మీ కథ రెండో పేజీలో అయిపోతుంది, 1936 పెట్టడం మంచిదయింది. ఆ లెక్కన చూస్తే మీ ప్రిఫెక్ట్ తప్ప ఇంకెవరూ కుదరరు. మేట్రన్ అని మాత్రం పెట్టకండి, అందరూ మొదట అనుమానించేది మమ్మల్నే :)

పాత_పుస్తకాల_పురుగు:
కృష్ణలంక బ్రదర్, "టీచర్‌ని పెట్టెయ్యండి" అంటే కుర్చీ మార్చినట్టు కాదు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే ఫాదర్ డిటెక్టివ్ కథలకి పది నియమాలు రాశాడు (ఈటన్‌లో చదివిన మనిషే, బోర్డింగ్ సంగతి బాగా తెలుసు). మొట్టమొదటి నియమం: నేరస్థుడు కథ మొదట్లోనే కనపడాలి. టీచర్ హంతకురాలైతే ఆవిడ కోరికలు, అప్పులు, ప్రేమలు అన్నీ స్టాఫ్ రూమ్ తలుపు వెనకాలే జరుగుతాయి. పద్నాలుగేళ్ల పిల్ల ఆ గదిలోకి ఎలా వెళ్తుంది? చివర్లో ఒక ఉత్తరం దొరికిందని చెప్పి ముగిస్తారు, పాఠకుడికి మండుతుంది. ప్రిఫెక్ట్ అయితే రోజూ కళ్లముందే ఉంటుంది.

ఇంకో మాట. అగాథా క్రిస్టీ 1959లో గర్ల్స్ స్కూల్లో హత్యలతో నవల రాసింది. అందులో టెన్నిస్ రాకెట్‌లో దాచిన నగలు కనిపెట్టేది ఒక విద్యార్థినే. కానీ కేసు ఆ పిల్ల తేల్చదు, నగలు పట్టుకుని క్రిస్టీ డిటెక్టివ్ పాయిరో దగ్గరకి పరిగెడుతుంది. నాకు అసలు ప్రశ్న అక్కడ ఉంది. హంతకురాలు ఎవరన్నది తర్వాత, కనిపెట్టిన పిల్ల ఆ నిజాన్ని ఎవరి చేతిలో పెడుతుంది?

ప్లీడరు_గుమాస్తా:
అందరూ ఒక సంగతి మర్చిపోతున్నారు. 1936 ఇంగ్లండ్‌లో హత్యకి శిక్ష ఒక్కటే, ఉరి. జడ్జి చేతిలో తగ్గించడానికి ఏమీ లేదు, క్షమాభిక్ష పెడితే హోమ్ సెక్రటరీ, అంటే హోం మంత్రి పెట్టాలి. తీర్పుకీ ఉరికీ మధ్య మూడు ఆదివారాలు గడవనివ్వడం ఆనవాయితీ. అంటే టీచర్‌ని హంతకురాల్ని చేస్తే, మీ పద్నాలుగేళ్ల పిల్ల ఆఖరి అధ్యాయంలో వేలెత్తి చూపించగానే ఒక ఆడమనిషిని ఉరికంబం దాకా నడిపించినట్టే. "టీచర్ అయితే గొడవ ఉండదు" అన్నారు కదా, అసలు గొడవ అప్పుడే మొదలు. ఆడవాళ్లకి క్షమాభిక్ష తరచూ దొరికేది నిజమే, కానీ అది ఆ పిల్లకేం తెలుసు.

ప్రిఫెక్ట్ అయితే వేరు. 1908 చట్టంతో పదహారు నిండని వాళ్లకి ఉరిశిక్ష రద్దు చేశారు, 1933లో ఆ వయసుని పద్దెనిమిదికి పెంచారు. మీ కథ 1932లో జరిగి ఉంటే ఆ పిల్లకి ఉరి పడొచ్చు. 1936 కాబట్టి "రాజుగారి చిత్తం ఉన్నంత కాలం" నిర్బంధం. ఏ రాజు అని అడక్కండి, నవంబరులో ఎడ్వర్డ్, డిసెంబరు 11కి ఆయన గద్దె దిగిపోయాడు.

కృష్ణలంక_కుర్రోడు:
సరే, ఉరి సంగతి నాకు తెలీదు, ఒప్పుకుంటున్నా. కానీ కథకి లా పుస్తకం ఎందుకండీ? చదివే పిల్లకి ఇవన్నీ తెలుసా? చివర్లో పోలీసులు తీసుకెళ్లారు అని రాస్తే చాలు, తర్వాత ఏమైందో ఎవరూ అడగరు.

గురుకులం_బ్యాచ్:
అడుగుతారు బ్రదర్. నేను ఆరు నుంచి పది దాకా గురుకులంలో చదివా. మా దగ్గర సార్లని చూసి భయపడ్డ రోజులు తక్కువ, సీనియర్లని చూసి భయపడని రోజు లేదు. ఒక సీనియర్ మా డార్మిటరీలో చిన్న పిల్లల పెట్టెలు తెరిచి డబ్బులు తీసేవాడు. నేను కళ్లారా చూశా. వారం రోజులు చెప్పలేదు. చెప్పాక ఏమయ్యిందో తెలుసా, ఆ సంవత్సరం మొత్తం నా పక్కన ఎవరూ కూర్చోలేదు, డబ్బు పోయినవాడు కూడా. సార్ మీద చెప్పి ఉంటే హీరోని అయ్యేవాణ్ణి.

ఇంగ్లీషు స్కూళ్లలోనూ ఇదే కదా, చాడీలు చెప్పే పిల్లని "స్నీక్" అంటారు, దొంగతనం కన్నా అది పెద్ద తప్పు. అందుకే నా ఓటు ప్రిఫెక్ట్‌కే. టీచర్ అయితే పిల్లలందరూ ఒక పక్క, కథ తేలిక. ప్రిఫెక్ట్ అయితే మీ వాల్తేరు పిల్ల ఒంటరిది. కనిపెట్టడం వంద పేజీల్లో అయిపోవాలి, చెప్పాలా వద్దా అన్నదే మిగతా వంద పేజీలు. పాత పుస్తకాల పురుగు గారు అడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదే.

చలిదేశం_కోడలు:
వంద శాతం. మా దగ్గర కూడా పిల్లలు మేట్రన్‌కి చెప్పేవాళ్లు, అదీ కడుపునొప్పి అని వచ్చి, గంట సేపు కూర్చుని, వెళ్లిపోతూ తలుపు దగ్గర ఆగి చెప్పేవాళ్లు. ఆ తలుపు సీన్ మీ కథలో వాడుకోండి.

ప్లీడరు_గుమాస్తా:
గురుకులం తమ్ముడి మాట చదివాక ఇంకోటి గుర్తొచ్చింది, ముందే చెప్పాల్సింది. 1933 చట్టంలో చూసేది హత్య చేసిన రోజు వయసు కాదు, శిక్ష చదివే రోజు వయసు. నేరం నాటి వయసు లెక్కలోకి తీసుకోవడం 1948లో వచ్చింది. కాబట్టి 1936లో పదిహేడేళ్ల పిల్ల హత్య చేసి, తీర్పు వచ్చేలోగా పద్దెనిమిది నిండితే, చట్ట ప్రకారం ఉరిశిక్ష చదవాల్సిందే. ససెక్స్ కేసులు లూయిస్‌లో అసైజెస్ కోర్టుకి వెళ్తాయి, ఆ జడ్జీలు ఏడాదికి కొన్నిసార్లే వస్తారు. ఒక విడత తప్పితే నెలలు ఆగాలి.

అటకమీది_ట్రంకుపెట్టె:
ఒక్క నిమిషం. అంటే మన పిల్ల స్నీక్ అనిపించుకోవడం ఇష్టం లేక నోరు మూసుకుని కూర్చుంటే... ప్రిఫెక్ట్‌ని కాపాడుతున్నాననుకుంటుంది. కానీ ఆలస్యం చేసిన ప్రతి వారం ఆ ప్రిఫెక్ట్‌ని పద్దెనిమిదికి దగ్గర చేస్తుంది. వెంటనే చెబితే బతుకుతుంది, జాలిపడి ఆగితే ఉరి.

నేను ఇన్నాళ్లూ గ్యాస్ పైపుల మ్యాప్ గీసుకుంటూ కూర్చున్నా. కథ ఇక్కడ ఉందని తెలీలేదు.

పాత_పుస్తకాల_పురుగు:
ఆగండి, ఈ చట్టం సంగతి పద్నాలుగేళ్ల పిల్లకి ఎలా తెలుస్తుంది? ఆఖర్లో లాయరొచ్చి చెబితే మోసం కింద లెక్క. మొదటి యాభై పేజీల్లోనే ఎక్కడో పడాలి.

ప్లీడరు_గుమాస్తా:
స్కూల్ లైబ్రరీకి పేపర్ వస్తుంది కదా, కోర్టు వార్తలు పూస గుచ్చినట్టు వేసేవాళ్లు. లేదా ఒక పిల్ల తండ్రి మేజిస్ట్రేట్ అనుకోండి, ఆదివారం కూతుర్ని టీకి తీసుకెళ్లినప్పుడు మాటల్లో వస్తుంది. పైకి అది వేరే కేసు గురించి అనిపించాలి.

కృష్ణలంక_కుర్రోడు:
నేను ఇంకా మారలేదు. పిల్లలకి ఇంత బరువు ఎందుకు అనే అంటాను, మా చెల్లికి ఇస్తానా అంటే ఇంకో రెండేళ్లు ఆగి ఇస్తా. కానీ ఒక డౌట్. ప్రిఫెక్ట్ పుట్టినరోజు ఎప్పుడు పెడుతున్నారు?

అటకమీది_ట్రంకుపెట్టె:
ఫిబ్రవరి అనుకుంటున్నా. క్రిస్మస్ సెలవులకి అందరూ ఇళ్లకి వెళ్లి, జనవరిలో తిరిగొచ్చాక. వాల్తేరు పిల్లకి వెళ్లడానికి ఇల్లు లేదు కదా, సెలవులన్నీ ఎవరో దూరపు అత్త ఇంట్లో ఆ డైరీతో గడుపుతుంది.

కృష్ణలంక_కుర్రోడు:
అంటే పుట్టినరోజు నాటికి స్కూల్లోనే ఉంటుంది. చిన్నపిల్లలు టక్ బాక్సుల్లో దాచినవన్నీ తీసి, అర్ధరాత్రి ఆ అక్కకి కేకు కోయిస్తారు, పద్దెనిమిది కొవ్వొత్తులు. నేను కేకుల మీద అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. ఆ సీన్ మాత్రం రాయకండి, చదవలేను.

అటకమీది_ట్రంకుపెట్టె:
మధ్యాహ్నం నుంచి అదే రాస్తున్నా.